కుక్క కుంటిన చోట

మూతపడిన సినిమా హాలు అటక మీద దొరికిన రేకు డబ్బా, తుప్పు పట్టి బిగిసిపోయింది.

పాత ఫిల్ములు భద్రపరిచే ఆఫీసులో పనిచేసే ఆవిడ దాని మూతని స్క్రూడ్రైవరుతో పెకలించింది.

లోపల ఒక కార్టూను. కుంటివాళ్ళని వెక్కిరించిందని యాభై ఏళ్ళ కిందట జనం ఊరేగింపులు తీసి, కాపీలన్నీ తగలబెట్టించారని ఆవిడ చదివింది. ఇక లోకంలో లేదనుకున్నారు అందరూ.

మొదట్లో కొంత ఫిల్ము పాడై, తీసినవాళ్ళ పేర్లు పోయాయి. మిగతాదంతా శుభ్రంగా ఉంది.

బల్ల మీది చిన్న తెర ఉన్న యంత్రానికి ఎక్కించి చూసింది.

ఒక కుంటి పోస్టుమాను. అతన్ని తరిమే కుక్క.

ఆ నడక చూస్తూ ఆవిడ తెర దగ్గరికి వంగింది. ఎడమ కాలు ఈడుస్తూ, మోకాలి మీద చెయ్యి ఆనించి, ఎనిమిదో అడుగుకి ఆగి సంచి సర్దుకుంటాడు. అడుగు పడిన అరక్షణానికి సంచి ఊగుతుంది. ఉన్నవి గీతలే, కానీ వాటికి బరువుంది.

చివర్లో, తరిమి తరిమి అలసిన కుక్క అతని పక్కకి చేరి, అడుగులో అడుగు వేస్తూ తనూ కుంటడం మొదలుపెట్టింది.

ఆవిడ పడీ పడీ నవ్వింది.

నవ్వు ఆగాక, గదిలో ఎవరూ లేనందుకు ఊరట కలిగింది. ఆ ఊరటకి సిగ్గేసింది.

డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసి, 'అనుమతి లేకుండా చూపరాదు' అని చీటీ అంటించింది. ఆ అనుమతి ఇవ్వాల్సింది తనే.

ఆ కార్టూను దొరికిందని పేపర్లో నాలుగు లైన్ల వార్త పడిన వారానికి ఒక ముసలాయన వచ్చాడు.

వరండాలో కాలు ఈడుస్తున్న చప్పుడు వినగానే ఆవిడ కళ్ళు దించుకుంది. కుంటివాళ్ళ నడక చూడకూడదన్నది చిన్నప్పుడు అమ్మ నేర్పిన మర్యాద.

కుర్చీ చూపిస్తే వద్దన్నాడు. కూర్చుంటే లేవడం పెద్ద కార్యక్రమమట.

ఆ బొమ్మ ఒక్కసారి చూడాలన్నాడు. తన చూపు వచ్చే ఏడాదికి ఉండదని డాక్టరు తేల్చేశాడని, బస్సు వేళ చెప్పినంత మామూలుగా చెప్పాడు.

"అది మీరు చూడదగ్గది కాదండీ."

"చూడదగ్గది కాకపోతే దాచడమెందుకమ్మా?"

ఆవిడ బల్ల మీది కాగితాలు సర్దడం మొదలుపెట్టింది.

"ఏడు నిమిషాలే కదా. చూసి నా దారిన నేను పోతాను."

ఆ ఏడు నిమిషాలూ అతని పక్కన కూర్చోవడం ఊహించుకుంది. కుక్క కుంటే చోట తన మొహం ఎక్కడ పెట్టుకోవాలి? ఇతని మనసు నొచ్చుకోకుండా కాపాడుతున్నానని తనకి తనే నచ్చచెప్పుకుంది.

రూల్సు ఒప్పుకోవంది.

అతను వాదించలేదు. గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

"మీరు చూశారు కదా. నవ్వొచ్చిందా?"

"అబ్బే, అస్సలు రాలేదండీ."

అంతకంటే మర్యాదైన మాట ఆవిడకి తట్టలేదు.

అతను తలూపి బయటికి నడిచాడు. చప్పుడు వరండా దాటేదాకా ఆవిడ కాగితాల మీంచి తలెత్తలేదు.

ఏడాది తిరక్కుండానే అతని కూతురు ఒక అట్టపెట్టె తెచ్చింది. నాన్న పోయాడనీ, ఇవి ఇక్కడే ఇమ్మన్నాడనీ చెప్పింది.

"చూపు పోయాక కూడా అదే మాట. ఆవిడకి నవ్వు రాలేదటే, అని."

పెట్టెలో పసుపెక్కిన కాగితాల బొత్తి. ప్రతి దాని మీదా పెన్సిలుతో పోస్టుమాను. ఒక్కో కాగితానికీ అడుగు వెంట్రుకవాసి ముందుకి.

ఆవిడ బొటనవేలితో గబగబా తిప్పింది. పోస్టుమాను నడిచాడు. ఎనిమిదో అడుగుకి ఆగి సంచి సర్దుకున్నాడు.

చివరి కాగితంలో కుక్క ముందుకాలు ఎత్తి పెట్టింది. అంచున సన్నటి అక్షరాలు: 'ఇక్కడ నవ్వాలి.'



"నిలువుటద్దం ముందు నడిచి చూసుకుంటూ, అమ్మకి నవ్వొచ్చేదాకా చెరిపి గీసేవాడు," అంది కూతురు. "అచ్చం నాన్న నడకే, మీరు చూసే ఉంటారుగా."