గడువు తీరే పాయింట్లు

ఇచ్చిన మర్నాడే లొరెట్టాకి మనసు పీకడం మొదలైంది.

ఇచ్చింది చిన్న వస్తువేం కాదు. ఫ్లోరిడాలో ఆ పెద్ద థీమ్ పార్కు పక్కనే ఉన్న విల్లాలో ఐదు రోజుల బస. ఏటా కొన్ని రోజులు ఉండేలా కొనుక్కున్న టైమ్‌షేర్ అది; ఆ ఏడాదికి వచ్చే పాయింట్లు డిసెంబరు దాటితే చెల్లవు. మొగుడు డ్వేన్ ఎలాగూ కదలడు. కిందటేడు చర్చివాళ్ళ లక్కీ డ్రాకి రాసిచ్చేశాడు. ఈ ఏడు కూడా పేపర్లోంచి తల ఎత్తకుండానే, "నాకిక చాలు లొరెట్టా, ఎవరికైనా ఇచ్చెయ్" అన్నాడు.

ఆమెకి ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వెళ్ళి, బడి క్యాంటీన్‌లో తనతోపాటు పిల్లలకి వడ్డించే నదీన్‌కి ఇచ్చేసింది.

నదీన్ గరిటె అక్కడే పడేసి మెడ కావలించుకుంది. యాభై ఎనిమిదేళ్ళొచ్చినా తాముండే ఒహాయో రాష్ట్రం దాటి సరదాకి ఎక్కడికీ వెళ్ళి ఎరగదు. ఎనభై దాటిన తల్లి ఓపల్‌ని చూసుకోవడంతోనే సరిపోయింది.

"అమ్మని కూడా తీసుకెళ్తానే! నువ్వూ రా. రెండు పడగ్గదులట కదా."

"నేను వెళ్తే డ్వేన్‌తోనే వెళ్తాను."

"అబ్బో! ఈ వయసులో ఎంత ప్రేమో!" అని నదీన్ మోచేత్తో పొడిచింది.

ఇక రోజూ అదే గోల. నదీన్ అడగడం, లొరెట్టా చెప్పడం. గేటు తెరవడానికి అరగంట ముందే ఉండాలి. జనమంతా కుడివైపు ఎగబడతారు, మీరు ఎడమవైపు పొండి. దాల్చినచెక్క రొట్టెలు పొద్దున్నే తినాలి, మధ్యాహ్నానికి రాయిలా అవుతాయి. ఊరేగింపు వంతెన దగ్గర నిలబడి చూడాలి, కోట ముందైతే ఎండ కళ్ళలో కొడుతుంది. బంగాళదుంపలు చిదిమేవాళ్ళు కూడా పని ఆపి వినేవారు.

"ఆ పార్కుకి పునాది రాయి నువ్వే వేసినట్టున్నావే!" అని ఒకావిడ వేళాకోళం చేసింది.

చెబుతున్నంతసేపూ లొరెట్టాకి బాగానే ఉండేది. తర్వాత నదీన్ "నా మొదటిసారి, నా మొదటిసారి" అని మురిసిపోతూ తిరుగుతుంటే మాత్రం కడుపు మండిపోయేది. స్నేహితురాలి మీద ఇంత కుళ్ళేమిటని తనని తనే తిట్టుకునేది. అయినా కుళ్ళు తగ్గేది కాదు.

బుకింగ్ రద్దు చేసుకోవడానికి శుక్రవారం వరకే గడువు. గురువారం సాయంత్రం లొరెట్టా కంప్యూటర్ ముందు కూర్చుంది. ఒక్క నొక్కు నొక్కితే చాలు. విల్లాలో నీళ్ళ గొట్టం పగిలిందట, మరమ్మతు చేస్తున్నారట అని చెప్పొచ్చు. నదీన్ పిచ్చిది, నమ్మేస్తుంది.

ఫోన్ మోగింది. ఓపల్.

"అమ్మాయ్, ఆ కొండల మీంచి పడే బండి ఉందట కదా. అదెక్కేముందు పళ్ళసెట్టు తీసెయ్యాలా, ఉంచుకోవచ్చా?"

లొరెట్టాకి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"తీసి నదీన్ చేతికివ్వు పెద్దమ్మా."

"చల్లగా ఉండు తల్లీ. చచ్చేలోపు చూస్తాననుకోలేదు."

లొరెట్టా కంప్యూటర్ కట్టేసింది.

వాళ్ళు వెళ్ళారు. మూడో రోజు లొరెట్టా అంట్లు తోముతుంటే నదీన్ ఫోన్ చేసింది. తడి వేలితోనే స్పీకర్ నొక్కింది లొరెట్టా. వెనక సంగీతం, పిల్లల కేకలు.

"ఒసేయ్, అమ్మకి కాళ్ళు లాగేస్తున్నాయి! రంగులరాట్నం దగ్గర నీడలో బెంచీ ఉందన్నావే, ఎటుపక్క?"

లొరెట్టా తడబడింది. "అక్కడే... రాట్నం దగ్గరే. సరిగ్గా చూడు."

"చూస్తూనే ఉన్నా, ఎక్కడా లేదు! ఎడమవైపా, కుడివైపా?"

పక్కన ప్లేటు తుడుస్తున్న డ్వేన్ తల తిప్పకుండానే అన్నాడు. "ఎడమపక్క. గులాబీ పొదల వెనక్కి వెళ్ళమను. ఇద్దరే పడతారు."

ఎంత మెత్తగా అన్నాడో! తనతో మాట్లాడేటప్పుడు ఆ గొంతు ఏనాడూ రాలేదని లొరెట్టా అనుకుంది.

"దొరికింది! నీ మొగుడికి ముద్దులు పెట్టానని చెప్పు!" అని నదీన్ ఫోన్ పెట్టేసింది.

డ్వేన్ తుడిచిన ప్లేటునే మళ్ళీ తుడుస్తున్నాడు.

"ఇంకా గుర్తుందా నీకు?" అంది లొరెట్టా.

"ఎలా మర్చిపోతాను?"

కాసేపటికి ఫొటో వచ్చింది. గులాబీల వెనక బెంచీ మీద తల్లీకూతుళ్ళు, నెత్తిన పిచ్చి టోపీలు, నోటి నిండా నవ్వులు. ఓపల్ పళ్ళసెట్టు నదీన్ చేతిలో ఉంది. లొరెట్టా ఫొటో చూపించింది. డ్వేన్ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. వాళ్ళని కాదు, బెంచీనే చూశాడు. ఫోన్ మెల్లగా బల్ల మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

లొరెట్టాకి నదీన్ మీద, ఆ ముసలావిడ మీద, ఆఖరికి ఆ చెక్క బెంచీ మీద కూడా ఈర్ష్య పుట్టింది. తనకే సిగ్గేసేంత ఈర్ష్య.

ఫోన్ మళ్ళీ కుయ్యిమంది. నదీన్ పంపిన మెసేజ్.

"కోట చూడగానే అమ్మ భోరుమంది. నిజం చెప్పవే, మొదటిసారి చూసినప్పుడు నువ్వూ ఏడ్చావా?"

లొరెట్టా జవాబు కొట్టబోయి ఆగిపోయింది.

పెళ్ళయిన పదకొండేళ్ళలో డ్వేన్ ఆమెని ఒక్కసారి కూడా అక్కడికి తీసుకెళ్ళలేదు. ఆ పార్కు గురించి ఆమెకి తెలిసిందల్లా, చనిపోయిన అతని మొదటి భార్య పాత ఫొటోల వెనక రాసిపెట్టుకున్న మాటలే.