కాలి కింద నాలుగు మీటలు

ఆ రోజుల్లో గిటారు ధ్వనిని మార్చే పెడళ్లను ఎవరూ కాలితో నొక్కేవారు కాదు. వినేవాళ్ల మొహాలు చూసి అవే ధ్వని మార్చేసేవి. కాకినాడ చర్చిలో గిటారు వాయించే సలోమికి దాంతోనే చిక్కొచ్చింది. నాన్న పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూడికలో ఆయనకిష్టమైన కీర్తన వాయిస్తుంటే, అందరి కళ్లలో నీళ్లు చూసి పెడళ్లు దాన్ని హుషారు పాటగా మార్చేశాయి.

పాస్టరుగారిని అడిగి, వచ్చే ఆదివారం ఆ కీర్తనే మళ్లీ వాయించడానికి ఒప్పించింది. కాలితో నొక్కే నాలుగు మీటలున్న చిన్న కంట్రోలరు కొనుక్కొచ్చి, వంటింట్లో కూర్చుని ఒక్కో పెడల్‌నూ ఒక్కో మీటకు కలిపింది.

"ఇకమీదట మీరు చెప్పేదాకా ఆగమంటారా అండీ?" అని అడిగింది ఓ పెడల్.

"ఆగు."

చిక్కుళ్లు ఒలుస్తున్న అమ్మ దీనమ్మ జాలిపడింది. "పాపం, ఎంత మర్యాదగా అడుగుతోందే!"

"నాన్న పాట పాడుచేసింది కూడా మర్యాదగానే కదమ్మా."

ఆదివారం రెండో చరణంలో సలోమి కాలు తడబడి పక్క మీట మీద పడింది. గిటారు మొరటుగా అరిచింది. బల్లల మీది జనం ఉలిక్కిపడ్డారు. ఆ మొహాలు చూసినా పెడళ్లు మాత్రం తమంతట తాము ధ్వని మార్చలేదు. సలోమి కాలి బొటనవేలితో తడిమి సరైన మీట నొక్కింది. కీర్తన మళ్లీ నెమ్మదిగా, బరువుగా సాగి, అలాగే ముగిసింది.

బయటికొచ్చాక దీనమ్మ కూతురి చెయ్యి పట్టుకుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"మధ్యలో తప్పు వాయించానమ్మా," అంది సలోమి.

"వాయిస్తే వాయించావులే. మీ నాన్న పోయాక ఇవాళే కడుపారా ఏడ్చానే."