ముదురెరుపు

ఆ శిశు సంరక్షణ కేంద్రంలో ఆయా లిప్‌స్టిక్ మీద వేళాకోళం ఆడని రోజు లేదు. ముక్కులు తుడిచే ఉద్యోగానికి ఇంత ముస్తాబెందుకే అని వంటమనిషి ఆటపట్టించేది. ఆయా నవ్వి ఊరుకునేది. రెండు బస్సులు మారి వచ్చినా ఆ ముదురెరుపు మాత్రం చెరగనిచ్చేది కాదు.

పిల్లలందరిలోకీ ఆమెకు మూడేళ్ల బుజ్జి అంటే ప్రాణం. పొద్దున్నే దాని మొహం కడిగి, కిటికీ వైపు తిప్పి, పెదాలు చూసేది. ఆర్నెల్ల క్రితం కింది పెదవి మీద ఆవగింజంత నల్లచుక్క కనబడింది. ఇప్పుడు ఏడయ్యాయి.

వారం నుంచి బుజ్జి కడుపు పట్టుకుని ముడుచుకుపోతోంది. మొన్న విరేచనంలో రక్తం పడింది.

సాయంత్రం బుజ్జిని తీసుకెళ్లడానికి మేడమ్ వచ్చింది. నిన్ననే డాక్టరుకి చూపించిందట.

"ఏమన్నారు మేడమ్?"

"ఈ చుక్కలు చూసి ఆయనకి అనుమానం వచ్చింది. పేగుల్లో గడ్డలు లేచే జబ్బొకటి ఉందట, వంశంలో వస్తుందట. మీ ఇళ్లలో ఎవరికైనా ఉందా అన్నారు. మా వైపూ లేదు, మా ఆయన వైపూ లేదు. అదే చెప్పాను. అయితే ఇవి ఉత్త మచ్చలేనని నులిపురుగులకి మందిచ్చారు."

"ఇంకోసారి తీసుకెళ్లండి. గొట్టం వేసి చూడమనండి. గడ్డ పెరిగితే పేగులో పేగు దూరిపోతుంది మేడమ్. మా అన్నయ్య అలాగే పోయాడు."

మేడమ్ మొహం మాడ్చుకుంది. "మీ అన్నయ్యకీ మా పాపకీ ఏంటి సంబంధం? ఉత్తపుణ్యానికి పసిదానికి మత్తివ్వమంటావా? నీ పని నువ్వు చూసుకో."

బుజ్జి చెప్పులు వేసుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆయా దాని వైపు చూసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే రేపు కూడా ఈ మొహం కడగొచ్చు. ఎన్ని రేపులో మాత్రం తెలియదు. నోరు విప్పితే మళ్లీ ఈ గడప తొక్కనివ్వరు.

"ఒక్క నిమిషం మేడమ్," అంది.

చేతిలో ఉన్న బుజ్జి తువ్వాలుతో పెదాల మీది రంగంతా గట్టిగా తుడిచేసుకుని, దాని కింద ఇన్నాళ్లూ దాచిన నల్లచుక్కలు కనబడేలా మొహం కిటికీ వైపు తిప్పి, మెల్లగా అంది: "ఈసారి డాక్టరుగారు అడిగితే, దీన్ని కన్నదానికి ఉందని చెప్పండి."