లెక్కల మాస్టారి చేపలు

కళ్ళజోడు పెట్టుకుంటే ఈత మాస్కు పట్టదు. మాస్కు పెట్టుకుంటే కళ్ళజోడు పట్టదు. ఈ మాస్కుని కనిపెట్టిన మహానుభావుడికే కాదు, వాళ్ళ వంశంలో ఎవరికీ చూపు మందగించి ఉండదని లెక్కల మాస్టారి గట్టి నమ్మకం. లోలోపల సణుక్కుంటూ ఆయన కళ్ళజోడు తీసి బూటులో దాచి, సముద్రం ఉందనుకున్న వైపుకి తిరిగారు.

"గురువుగారూ, సముద్రం ఇటు," అన్నాడు డ్రాయింగ్ మాస్టారు.

"తెలుసయ్యా. గాలి ఎటునుంచి వీస్తోందో చూస్తున్నా."

స్కూలు స్టాఫ్‌రూంలో లెక్కల మాస్టారికి ఉన్న మర్యాద లెక్కలు చెప్పడం వల్ల వచ్చింది కాదు. సెలవులకి సముద్రంలో తల ముంచి వచ్చి, మధ్యాహ్నం టిఫిన్ డబ్బాల ముందు ఆయన చెప్పే కబుర్ల వల్ల వచ్చింది. ఒంటి మీద ఏడు రంగులున్న చేప. గడ్డం ఉన్న చేప. మనిషిని చూడగానే సిగ్గుతో ఎర్రబడే చేప. నిజానికి కళ్ళజోడు లేకుండా నీళ్ళలో ఆయనకి కనిపించేది పచ్చటి మసక. ఆ మసకలో కదిలేది చేప, కదలనిది రాయి. అంతకు మించి ఆయనకేమీ తెలియదు. మిగతాదంతా సొంత కవిత్వం.

ఇప్పుడు ఆయన కొంప ముంచింది హెడ్‌మిస్ట్రెస్. వరండా గోడ పొడుగునా సముద్రం అడుగు బొమ్మ వెయ్యమని డ్రాయింగ్ మాస్టారికి చెప్పింది. ఊహించి గీస్తే పిల్లలు కనిపెట్టేస్తారని అతను, నీళ్ళలోకి తీసుకెళ్ళమంటూ లెక్కల మాస్టారి వెంటపడ్డాడు. స్నేహితుడు, పైగా పక్క కుర్చీ. కాదంటే బాగుండదు. అవునంటే అతను రాళ్ళూ పాచీ తప్ప ఏమీ లేవని చూసి వస్తాడు. ఆ మాట స్టాఫ్‌రూంలో పడ్డ రోజు నుంచి ఈయన కూడా అందరిలాగే మామూలు మాస్టారు.

"ముందే చెబుతున్నా, ఇవాళ చేపలు రాకపోవచ్చు. వాటికీ మూడ్ ఉంటుంది," అన్నారు లెక్కల మాస్టారు.

"ఫర్వాలేదు. పాఠం మొదలెట్టండి."

"మాస్కు అద్దం లోపల ఉమ్ము. రుద్ది కడుగు. లేకపోతే ఆవిరి పడుతుంది."

"నా ఉమ్మేనా?"

"మరి నాదిమ్మంటావా? ఆ, గాలి గొట్టం పళ్ళ మధ్య పెట్టుకో. నమలొద్దు, పట్టుకో చాలు. ఊపిరి నోటితోనే. ముక్కుని మర్చిపో."

"మీసం సందులోంచి నీళ్ళొస్తాయేమో?"

"వాజిలిన్ రాయి. సముద్రం దగ్గర మీసాలు చెల్లవు."

కాళ్ళకి రబ్బరు రెక్కలు తొడుక్కున్నాక ముందుకి నడవకూడదని, వెనక్కి నడవాలని చెప్పి, ఎలాగో చూపించబోయి లెక్కల మాస్టారు పాచి మీద కాలేసి నీళ్ళలో వెల్లకిలా పడ్డారు.

"ఇదీ పాఠంలోదేనా గురువుగారూ?"

"ఇలా పడకూడదని చూపించా. చాల్లే, రా."

పెద్ద అల ఒకటి విరిగిపోయేదాకా ఆగి ఇద్దరూ దిగారు. డ్రాయింగ్ మాస్టారు ఆయన ముంజేతిని ఉడుంపట్టు పట్టుకుని, వణుకుతూ ముఖం నీళ్ళలో పెట్టాడు. గొట్టంలోంచి రైలింజిన్ ఆవిరిలాగా ఊపిరి బుసకొట్టింది. కాసేపటికి ఆ బుస నెమ్మదించింది. పక్కనే తేలుతున్న లెక్కల మాస్టారికి ఎప్పటిలాగే పచ్చటి మసక కనిపించింది. నీళ్ళు మురికిగా ఉన్నాయనాలా, చేపలు పెళ్ళికి వెళ్ళాయనాలా అని ఆయన సాకులు వెతుక్కుంటున్నారు.

డ్రాయింగ్ మాస్టారు తలెత్తి గొట్టం ఊడబీకాడు.

"చూశాను గురువుగారూ! ఏడు రంగులు!"

"ఏడూ ఉన్నాయా?"

"ఒక్కటీ తగ్గలేదు. దాని వెనకే గడ్డం చేప."

"గడ్డమా!" అని ఉలిక్కిపడి, వెంటనే సర్దుకున్నారు ఆయన. "ఆ... అదిక్కడే తిరుగుతూ ఉంటుందిలే. మరి ఆ సిగ్గుపడేది?"

"నన్ను చూసి కందిపోయింది పాపం. మీరెలా చెప్పారో అచ్చం అలాగే!"

లెక్కల మాస్టారికి ఒళ్ళు పులకరించింది. ఇన్నేళ్ళుగా తాను చెప్పిన అబద్ధాలన్నీ నిజాలేనన్నమాట! అన్యాయంగా తనని తాను అబద్ధాలకోరు అనుకున్నందుకు ఆయనకి తన మీదే జాలేసింది.

గోడ బొమ్మ పూర్తయిన రోజు వరండా అంతా చప్పట్లు. హెడ్‌మిస్ట్రెస్ గడ్డం చేప దగ్గర ఆగి, "ఇది నిజంగా ఉందా అండీ?" అంది.

"నా మాట నమ్మకండి మేడమ్, ఇతన్ని అడగండి. స్వయంగా చూసొచ్చాడు," అన్నారు లెక్కల మాస్టారు ఛాతీ విరుచుకుని. డ్రాయింగ్ మాస్టారు వినయంగా తల వంచుకున్నాడు.

అందరూ వెళ్ళాక లెక్కల మాస్టారు అతన్ని ఓ మూలకి లాక్కెళ్ళి, సంచిలోంచి కొత్త మాస్కు తీశారు.

"నా పవర్ అద్దాలు వేయించానయ్యా. ఆదివారం వెళ్దాం. ఆ ఏడు రంగులది ఏ రాయి పక్కన కనిపించిందో నువ్వే చూపించాలి."

"నేనా? మీరు ఎప్పుడూ చూసేదే కదా?"

"చూశాననుకో. ఈసారి తీరిగ్గా చూద్దామని. ఎడమవైపు రాయా, కుడివైపుదా?"

డ్రాయింగ్ మాస్టారు కుంచెని గుడ్డతో తుడిచాడు. అది అప్పటికే శుభ్రంగా ఉంది. మళ్ళీ తుడిచాడు. వరండాలో ఎవరూ లేరని అటూ ఇటూ చూసుకుని గొంతు తగ్గించాడు.

"భయమేసి నేనసలు కళ్ళే తెరవలేదు గురువుగారూ."