మాఫీ వావి

“వావీ? ఫీ వావీ?” అని అడిగాడు తోట యజమాని, అర్బాబ్.

తననూ, పక్కనున్న ముసలాయననూ మార్చి మార్చి చూస్తూ అడిగాడు కాబట్టి తిరుమల్‌కు అది తెలుగులాగే వినిపించింది. మీ ఇద్దరికీ ఏం వావి, ఏం వరస అని.

“మాఫీ వావి, అర్బాబ్,” అన్నాడు. ఏ చుట్టరికమూ లేదని.

అర్బాబ్ ముఖం ఎర్రబడింది. జీపు వెనక నుంచి చచ్చిన మేకపిల్లను లాగి తిరుమల్ కాళ్ల దగ్గర పడేశాడు. దాని గొంతు చీలి ఉంది.

“వావి అంటె వీళ్ల అరబ్బీల నక్క,” అన్నాడు ముసలాయన మెల్లగా. “నక్కే లేదన్నవ్ నువ్వు.”

ముసలాయన పేరు జలంధర్. నోటితో కూసి నక్కను రప్పిస్తాడని విని, ఆ పొద్దునే వేరే తోట నుంచి తెచ్చి దింపారు. అల్ వుకైర్ దాటాక ఉన్న ఈ తోటలో మేకలు కాసేది తిరుమల్.

అర్బాబ్ ముసలాయనకు ఒక పాత తుపాకీ ఇచ్చి, ఏదో షరతు చెప్పి వెళ్లిపోయాడు.

“నక్కను కొట్టినోనికి ఖురూజ్ మీద సంతకం పెడతడట,” అన్నాడు జలంధర్. “ఒక్కనికే.”

ఖురూజ్ లేకపోతే చేతిలో టికెట్ ఉన్నా ఈ దేశం దాటనివ్వరు. తల్లికి పక్షవాతం వచ్చిందని కబురు అందినప్పటి నుంచి తిరుమల్ అడుగుతూనే ఉన్నాడు. అర్బాబ్ “బుక్రా” అంటూనే ఉన్నాడు. ఆ రేపు ఎప్పుడూ రాలేదు.

“నువ్వు ఇంటికి పోయి ఎన్నేండ్లయింది కాకా?”

“లెక్క పెట్టుడు బంద్ చేసిన.”

పొద్దు వాలాక ఇద్దరూ రాళ్ల గుట్ట చాటున కూర్చున్నారు. జలంధర్ అరచేతులు నోటి చుట్టూ పెట్టి కూశాడు. కూత సన్నగా పైకి లేచి, చివర ఎక్కిళ్లలా రెండు ముక్కలై ఆగింది.

ఏదీ రాలేదు. గాలి మాత్రం వచ్చి కళ్లలో దుమ్ము కొట్టింది.

“యాడ నేర్చినవ్?”

“మక్క చేన్ల, కావలి కాసేటప్పుడు. ఒకలు కూస్తె ఇంకొకలు జవాబియ్యాలె. జవాబు వస్తెనే నక్క నమ్ముతది.”

“ఆ ఇంకొకలు ఎవరు?”

“ఉండె.”

“జవాబు నేనిస్త పా,” అని తిరుమల్ కూశాడు.

“నువ్వు కూస్తె కుక్కలొస్తయ్,” అన్నాడు జలంధర్.

ఆ తర్వాత, కొత్తగా కలిసినవాళ్లందరూ అడిగేవే అడిగాడు. తిరుమల్‌కు చెప్పి చెప్పి విసుగొచ్చిన జవాబులే.

“ఏ ఊరు?”

“కోరుట్ల పక్క.”

“ఎవలోల్లు?”

“గంగామణి కొడుకును. నాయిన నా చిన్నప్పుడే పోయిండు. అమ్మ పక్షవాతంతోటి మంచంల ఉంది.”

“మేనమామలు?”

“ఒకాయన ఉండెనట. నేను పుట్టకముందే పోయిండు.”

“పోయిండా, సచ్చిండా?”

“రెండూ ఒక్కటే గద కాకా.”

జలంధర్ నవ్వాడు. తర్వాత చీకట్లోకి చూస్తూ, “మీ అమ్మకు మాట మొత్తానికే పడిపోయిందా?” అని అడిగాడు.

“మొత్తానికే.”

మర్నాడూ నక్క రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఎండకు పగళ్లు నిద్ర లేదు. రొట్టె తింటే నోట్లో ఇసుక కరకరలాడేది. ఇద్దరి మధ్యా మాటలు అయిపోయాయి.

అలసిన మనసుకు అనుమానం కూడా ఒక గోడే. ఆనుకుని కూర్చోవచ్చు. తిరుమల్ దాన్నే ఆనుకున్నాడు.

“కావాల్నని తప్పు కూస్తున్నవ్,” అన్నాడు. “నేను ఇట్ల పండంగనే సక్కగ కూసి కొడతవ్. ఖురూజ్ నీకే కావాలె.”

“ఎవలికి వద్దు?” అన్నాడు జలంధర్.

తెల్లవారుజామున నక్క వచ్చింది.

బక్కది. పక్కటెముకలు కనిపిస్తున్నాయి. ఆకలికి జవాబు కోసం కూడా ఆగనట్టుంది. కూత వినవచ్చిన వైపే చూస్తూ, తన జాతిదే పిలిచిందన్న నమ్మకంతో తలెత్తి నిలబడింది.

జలంధర్ కాల్చాడు. తుపాకీ దించి, కాసేపు కళ్లు మూసుకున్నాడు.

తిరుమల్ కింద కూలబడ్డాడు. తల్లి ముఖం గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. దూరంగా జీపు చప్పుడు వినిపించింది.

జలంధర్ లేచి వచ్చి, ఇంకా వెచ్చగా ఉన్న తుపాకీని అతని ఒళ్లో పెట్టాడు.

“ఏంది?”

“నక్కతోక తొక్కినవ్ పో.”

అర్బాబ్ దిగి, ఎవరు కొట్టారని అడిగాడు. జలంధర్ గడ్డంతో తిరుమల్‌ను చూపించాడు.

తిరుమల్ కాదనలేదు. ఇంటికి పోవడానికి భయపడేవాళ్లు కూడా ఉంటారు, ఈయన ఆ రకం అనుకున్నాడు. అలా అనుకుంటే తుపాకీ బరువు కొంచెం తగ్గింది.

వెళ్లేరోజు జీపు ఎక్కబోతూ ఆగాడు.

“కాకా, ఇంటికాడ నీ గురించి చెప్పాలె. ఏమైతవని చెప్పను?”

“అర్బాబ్‌కు చెప్పినవ్ గద,” అన్నాడు జలంధర్, మేకల వైపు తిరిగిపోతూ. “మాఫీ.”

ఇంట్లో గంగామణి మంచం మీద పైకప్పును చూస్తూ పడుకుని ఉంది. కొడుకు చెయ్యి పట్టుకున్నా చూపు తిప్పలేదు.

“ఎవలచ్చినా ఇంతే,” అంది అతని భార్య పుష్ప. “ఆమె మనల్ని విడిచి ఎటో పోయింది.”

పక్కనే కూర్చుని భార్యకు సంగతులన్నీ చెప్పాడు. నక్క సంగతీ వచ్చింది.

“ఆ ముసలాయన ఎట్ల కూసేటోడు ఎరికేనా?” అని అరచేతులు నోటి చుట్టూ పెట్టాడు. సన్నగా మొదలుపెట్టి, చివర రెండు ముక్కలు చేసి ఆపాడు.

పుష్ప నవ్వబోయి ఆగిపోయింది.

మంచం మీద నుంచి ఒక మూలుగు లేచింది. తల్లికి నొప్పి చేసిందనుకుని తిరుమల్ వంగాడు.

మూలుగు కాదు. వంకర పోయిన పెదవుల మధ్య నుంచి అది సన్నగా, వణుకుతూ పైకి పోయి, చివర సరిగ్గా రెండు ముక్కలై ఆగింది.

జవాబు.

గంగామణి తల ఎత్తబోయింది. కొడుకును దాటి, అతని వెనక తెరిచి ఉన్న తలుపు వైపు వెతుకుతూ, నాలుక కూడదీసుకుని అడిగింది.

“అన్న... వచ్చిండా?”