చిన్నకోడలి హస్తవాసి

"నా మొక్కలకి వేడినీళ్ళు పోశావు కదూ?" పెద్దకోడలు చిన్నకోడలిని నిలదీసింది.

నిన్నటిదాకా నవనవలాడిన ఆమె టమాటా మొక్కలు పచ్చగా ఉండగానే తలలు వాల్చేశాయి. పక్కనే తోడికోడలి కుండీల్లో మాత్రం కాయలు గుత్తులుగా వేలాడుతున్నాయి. "చిన్నదాని హస్తవాసి" అని అత్తగారు రోజూ మురిసిపోతుంటే ఆమెకు కడుపు రగిలిపోయేది.

చిన్నకోడలు ఒక మొక్క దగ్గర వంగింది. వాడిన కాండం ముక్క కోసి గ్లాసు నీళ్ళలో నిలబెట్టింది. కాసేపటికి కోసినచోటు నుంచి పాలధారలా తెల్లగా ఏదో కిందికి జారింది.

"మట్టిలోంచి వేళ్ళకి పట్టే తెగులు అక్కా. ఈ మట్టెక్కడిది?"

పెద్దకోడలు నీళ్ళు నమిలింది. "మెట్ల కింద నువ్వు పారబోసిందే. నీ మట్టిలో ఏదో మహత్తు ఉందనుకుని మొదళ్ళలో వేశా."

"అయ్యో! నా మొక్కలు చచ్చింది ఆ మట్టిలోనే."

"మరి ఇవి?"

చిన్నకోడలు తల దించుకుంది. "నర్సరీలో కాయలతో సహా కొనుక్కొచ్చా. ఈ గ్లాసు పరీక్ష చూపించింది కూడా ఆ నర్సరీ అతనే. నీవి కళకళలాడుతుంటే, నావి పోయాయని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"

లోపల్నుంచి అత్తగారి గొంతు వినిపించింది. "చిన్నదాని కుండీలోవి రెండు కాయలు కోసుకురండే!"

ఇన్నాళ్ళ కసి తీర్చుకునే మాట పెద్దకోడలి నాలుక చివరిదాకా వచ్చింది. తోడికోడలి కళ్ళలో నీళ్ళు చూసి మింగేసింది. గ్లాసుని వీపు వెనక దాచుకుంది.

"తెస్తున్నాం అత్తయ్యా!" అని కేకేసి, గొంతు తగ్గించింది. "ఆ నర్సరీ ఎక్కడో నాకూ చెప్పు."