మూడో చరణం

"అమ్మ పాటలో మూడో చరణం నీకొచ్చా, రాదా? అదొక్కటీ చెప్పక్కా," అంది డెల్ఫా గుమ్మంలోనే నిలబడి.

"ముందు తల వంచి లోపలికి రా. ఆ గడ్డివాము జుట్టు దూలానికి తగుల్తుంది," అంది ఓపల్ పొయ్యి దగ్గర నుంచి.

కెంటకీ కొండల్లోని ఈ రెండు గదుల చెక్క ఇంటి నుంచే డెల్ఫా పాటలు పాడి పైకి రావాలని నాష్‌విల్ వెళ్లింది. అక్క బూట్లు తొడుక్కుని బస్సెక్కిన పిల్ల, ఇవాళ తన బొమ్మ వేసిన బస్సులో వచ్చింది. అది వాగు దాటలేక అవతలి ఒడ్డున హారన్ కొడుతోంది.

ఆమెను తారను చేసింది అమ్మ పాటే. మొదటి చరణంలో పొద్దు వాలుతుంది. రెండోదాంట్లో నాన్న బొగ్గు గని నుంచి ఇంటికొస్తాడు. మూడోది మాత్రం ఉత్త కూనిరాగం. అమ్మ అలాగే పాడేది. అది నాన్న చావు గురించి అయ్యుంటుందనీ, అందుకే అమ్మ మాటలు మింగేసేదనీ డెల్ఫా ప్రతి వేదిక మీదా చెప్పేది. జనం కళ్లు తుడుచుకునేవారు.

రేపే ఆఖరి కచేరీ. తర్వాత గొంతుకు ఆపరేషన్. ఒక్కసారైనా ఆ పాట పూర్తిగా పాడాలి.

"ఇన్నేళ్లూ కూనిరాగంతోనే నెట్టుకొచ్చావుగా. ఇప్పుడు మాటలెందుకే?"

"నీకు కుళ్లు. అమ్మ నీకొక్కదానికే నేర్పింది."

"నేర్పలేదు. నాన్న ఉండగా విన్నాను. ఆయన గనిలో పోయేనాటికి నువ్వింకా కడుపులోనే ఉన్నావు."

"అయితే పాడు."

"ముందు తిను."

"టైం లేదక్కా!"

"తినకపోతే పాడను."

డెల్ఫా మూతి ముడుచుకుని కూర్చుంది. ఉడికిన చిక్కుడు గింజలు, మొక్కజొన్న రొట్టె, ఉల్లిపాయ ముక్క. మొదటి ముద్దకే కోపం పోయింది.

"ఒకే బొంతలో ముడుచుకుని పడుకునేవాళ్లం. అమ్మ కూనిరాగం తీస్తుంటే అలాగే నిద్రపోయేవాళ్లం. గుర్తుందా?"

"గుర్తుంది," అంది ఓపల్ మొహం అటు తిప్పుకుని. తర్వాత బొంగురు గొంతుతో అందుకుంది.

"చేతులు కడుక్కు రండర్రా,
రొట్టె పొగలు కక్కుతోంది,
అందరికీ ఉంది, రండర్రా..."

డెల్ఫా నమలడం ఆపింది.

"ఇంతేనా? ఇంత తేలిక మాటలు అమ్మ ఎలా మరిచిపోయింది?"

"మరిచిపోలేదే."

"మరి నాకెప్పుడూ పాడలేదేం?"

ఓపల్ ఇంకో రొట్టె ముక్క చెల్లెలి పళ్లెంలో వేసింది.

"పాడితే వడ్డించాలి కదే."